మీకు తెలుసా? ఆగిన చావి గడియారం చాలాసార్లు బాగానే ఉంటుంది

ఇబ్రహీంపట్నం నుంచి మెట్‌పల్లి, కోరుట్ల దాటి జగిత్యాల వెళ్తే టవర్ సర్కిల్ వస్తుంది. ఆ కూడలికి పేరు తెచ్చింది గడియారపు టవరే. మీ పాత ఇంటి గోడకూ ఓ చావి గడియారం ఉండి, ఏండ్లుగా ఆగిపోయి ఉంటే ఈ సంగతులు మీకోసమే.

• గోడమీద వంకరగా తగిలించినా లోలకం ఆగిపోతుంది. చెవి పెట్టి వినండి. టిక్‌కూ టాక్‌కూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటినట్టు వినిపిస్తే పెట్టెను అటో ఇటో కొద్దిగా జరిపి చూడండి. రిపేరు ఖర్చు లేకుండా నడవడం మొదలుపెట్టినా పెట్టవచ్చు.

• ఎండాకాలం గడియారం వెనకబడుతుంది. లోలకం కడ్డీ ఉక్కుదైతే వేడికి సాగుతుంది, ఊపు నెమ్మదిస్తుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే రోజుకు సుమారు 5 సెకన్ల తేడా. లోలకం బిళ్ళ కింద ఉండే మరను తిప్పి బిళ్ళను కాస్త పైకి జరిపితే మళ్ళీ వేగం అందుకుంటుంది. లండన్ బిగ్ బెన్‌కు ఈ పని నాణేలతో చేస్తారు: లోలకం మీద ఒక్క పాత పెన్నీ పెడితే రోజుకు 0.4 సెకను ముందుకు నడుస్తుంది!

• కొబ్బరినూనె మాత్రం పొయ్యకండి. అది చిక్కబడి, దుమ్ము పట్టి, జిగురై చక్రాలను పట్టేస్తుంది. గడియారాల నూనె కూడా ఇరుసుల కొసలు తిరిగే రంధ్రాల్లో చిన్న చుక్క చాలు. చక్రాల పళ్ళు పొడిగానే ఉండాలి.

• గంటలు కొట్టే గడియారంలో ముల్లును వెనక్కి తిప్పొద్దు. చాలా పాత రకాల్లో గంటల లెక్క తప్పుతుంది, లోపలి మీటలు వంగుతాయి.

• హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది. అందులో 350కి పైగా భాగాలున్నాయి. అయినా ఇప్పటికీ గంటగంటకూ జనాన్ని నిలబెడుతోంది. చార్మినార్ గడియారాలు 1889 నాటివి.

• చుట్టిన స్ప్రింగును విప్పడం ప్రమాదం. ఒక్కసారిగా వదిలితే వేళ్ళు తెగుతాయి, చక్రాల పళ్ళు విరుగుతాయి. ఆ పని చేయి తిరిగినవాళ్ళకే వదలండి.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పండి: పాత మెషిన్ తీసేసి బ్యాటరీ మెషిన్ పెట్టొద్దని, డయల్‌కు కొత్త రంగు వెయ్యొద్దని. ఏ భాగం మార్చినా పాతది అడిగి తెచ్చుకుని, గడియారం పెట్టెలోనే దాచండి.