నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశం

నేషనల్ డిఫెన్స్ అకాడమీ మహారాష్ట్రలో పుణె సమీపాన ఖడక్‌వాస్లాలో ఉన్నది. 1955లో ప్రారంభమైన ఈ సంస్థ, భారత త్రివిధ దళాలకు కాబోయే అధికారులకు ఉమ్మడిగా శిక్షణనిస్తుంది. ప్రవేశ పరీక్షను యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏటా రెండు పర్యాయాలు నిర్వహిస్తుంది.

అర్హతలు

అభ్యర్థులు అవివాహితులై ఉండాలి. వయసు పదహారున్నర, పంతొమ్మిదిన్నర సంవత్సరాల మధ్య ఉండాలి. పదాతి విభాగమున్న సైన్యానికి ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపైనా చాలును. నౌకా, వైమానిక దళాలకు భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు తప్పనిసరి. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు దరిమిలా 2022 నుండి బాలికలకు కూడా ప్రవేశం లభిస్తున్నది.

రాతపరీక్ష

మొత్తం 900 మార్కులు: గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600. గ్రూపు ఏదైనప్పటికీ గణిత పత్రం అందరూ వ్రాయవలసినదే. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు తగ్గిస్తారు. ప్రశ్నపత్రాలు తెలుగులో ఉండవు. ఇంగ్లీషు, హిందీలలో ఉంటాయి. ఇంగ్లీషు భాషకే 200 మార్కులు కేటాయించినందున తెలుగు మాధ్యమ విద్యార్థులు ముందునుండే దానిపై శ్రద్ధ వహించాలి.

ఎంపిక మండలి

రాతపరీక్షలో నెగ్గినవారిని సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పరీక్షిస్తుంది. దీనికి కూడా 900 మార్కులు. మొదటి దశ వడపోతలో నిలవనివారిని ఇంటికి పంపివేస్తారు. మిగిలినవారికి మనస్తత్వ పరీక్షలు, బృంద కార్యాలు, ముఖాముఖి ఉంటాయి. అభ్యర్థి తన గురించి స్వయంగా పూరించిన పత్రం ఆధారంగానే ముఖాముఖిలో అనేక ప్రశ్నలు వస్తాయి. కావున అందులో అతిశయోక్తులు చేటు తెస్తాయి.