పసుపు లెన్సు విషమా, గాజా? జింక్ సెలెనైడ్: అపోహలు – వాస్తవాలు

ఉత్తర చెన్నైలో ఎన్నూరు అనగానే అశోక్ లేలాండ్ కార్ఖానా, కామరాజర్ ఓడరేవు, థర్మల్ కేంద్రాలు, వాటి పక్కనే ఉప్పుటేరు గుర్తొస్తాయి. ఇలాంటి పారిశ్రామిక వాడల్లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో అక్రిలిక్, చెక్క, తోలు కోసేవారి చేతికి తరచూ వచ్చే వస్తువు పసుపు రంగు లెన్సు. అది జింకు, సెలీనియం కలిసిన జింక్ సెలెనైడ్. దాని గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో కొన్ని లెన్సును పాడుచేస్తాయి, కొన్ని మనిషి ఆరోగ్యాన్ని.

అపోహ: అది రంగు గాజు. పగిలితే మామూలు గాజు లెన్సు బిగించుకోవచ్చు.
వాస్తవం: అందులో గాజూ లేదు, కలిపిన రంగూ లేదు. నీలి కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి పసుపుగా కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. మామూలు గాజు దాన్ని దాటనివ్వదు, పీల్చుకుని వేడెక్కి పగులుతుంది. జింక్ సెలెనైడ్ సుమారు 0.6 నుంచి 20 మైక్రాన్ల దాకా దాటనిస్తుంది. గురి చూపించే ఎర్ర చుక్క కూడా ఇదే లెన్సులోంచి దిగేది అందుకే.

అపోహ: ఏ లేజర్ మిషన్‌కైనా ఇదే లెన్సు సరిపోతుంది.
వాస్తవం: ఇనుప రేకులు కోసే ఫైబర్ లేజర్ కిరణం 1 మైక్రాను చేరువలో ఉంటుంది. దానికి వాడేది స్వచ్ఛమైన సిలికా లెన్సు. ఒకదాని లెన్సును రెండోదానికి వాడకూడదు.

అపోహ: మసి పడితే చొక్కా అంచుతో తుడిస్తే చాలు.
వాస్తవం: ఇది గాజు కంటే చాలా మెత్తన. కాఠిన్యాన్ని కొలిచే నూప్ స్కేలుపై దీనికి 120 దరిదాపుల్లో ఉంటే, కెమెరా లెన్సుల గాజుకు 600 వరకు ఉంటుంది. పైన ఉండే పలచని పూత ఇంకా సున్నితం. ఆ పూత లేకపోతే ఒక్కో ముఖం దగ్గరే 17 శాతం కాంతి వెనక్కి పోతుంది. గీతలు, మసి వేడిని పట్టి ఉంచుతాయి, వేడెక్కిన లెన్సు మరింత కాంతిని పీల్చుకుంటుంది, చివరికి పగిలిపోవచ్చు. చల్లారాక లెన్సు టిష్యూను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, నొక్కకుండా తుడవాలి.

అపోహ: సెలీనియం విషం కాబట్టి లెన్సును తాకినా ప్రమాదమే.
వాస్తవం: సెలీనియం మన ఒంటికీ కావాలి. పెద్దవారికి రోజుకు 55 మైక్రోగ్రాములు చాలు, 400 దాటడం మంచిది కాదు. జింక్ సెలెనైడ్ నీటిలో కరగదు. ముక్కలు కాని లెన్సును తొడుగులతో పట్టుకుంటే భయం లేదు.

అపోహ: అయితే దానివల్ల ఏ ప్రమాదమూ లేదు.
వాస్తవం: ప్రమాదం కాలినప్పుడు, పొడి అయినప్పుడు, ఆమ్లం తగిలినప్పుడు. ఆమ్లంతో కలిస్తే హైడ్రోజన్ సెలెనైడ్ అనే తీవ్ర విషవాయువు పుడుతుంది. లెన్సు కాలి పొగ వస్తే మిషన్ ఆపి బయటికి వెళ్లండి, గాలి ఆడనివ్వండి. పొడిని ఊదకూడదు, పొడి చీపురుతో ఊడ్వకూడదు. తొడుగులు, మాస్కు వేసుకుని తడిగుడ్డతో ఎత్తి, మూత డబ్బాలో పెట్టి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాలి.

అపోహ: ఎన్నూరు థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదలోని సెలీనియమూ, ఈ లెన్సూ ఒకటే.
వాస్తవం: బొగ్గులో సెలీనియం లేశంగా ఉంటుంది. మండినప్పుడు ఆక్సైడ్ ఆవిరై కొంత పొగలో పోతుంది, కొంత బూడిదకు అంటుకుంటుంది. బూడిద చెరువులో అది సెలెనైట్, సెలెనేట్ రూపాల్లో నీటిలోకి దిగగలదు. ఆ రూపాలు జలచరాలకు చేరతాయి. నీటిలో కరగని లెన్సు వేరు, ఇవి వేరు. అలాగని ఎన్నూరు ఉప్పుటేరులో బూడిద పేరుకోవడం అపోహ కాదు, మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న నిజం.

పేరులో సెలీనియం ఉందని భయపడకండి, గాజులా ఉందని ఏమరకండి. లేజర్ మిషన్ నడిపేవారు లెన్సుతో వచ్చే భద్రతా పత్రాన్ని అడిగి తీసుకుని, షాపులో అందరికీ కనిపించేలా అతికించండి.