గృహప్రవేశానికి ముందే తేలే కర్బన లెక్క

ఇంధన వినియోగం, పారిశ్రామిక ప్రక్రియల వల్ల ప్రపంచంలో వెలువడే కార్బన్ డై ఆక్సైడ్‌లో మూడో వంతుకు పైగా భవనాల నిర్మాణం, నిర్వహణలదేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా. సంపన్న దేశాల్లో ఇది ప్రధానంగా పాత ఇళ్ల సమస్య. ఎప్పుడో కట్టిన గోడలకు, కిటికీలకు మరమ్మతులు చేసి చలికాలపు ఇంధన ఖర్చు తగ్గించడం అక్కడి పని. భారతదేశం వంటి వర్ధమాన దేశాల్లో పరిస్థితి వేరు. రానున్న దశాబ్దాల్లో మనకు కావలసిన కట్టడాల్లో చాలావాటికి ఇంకా పునాదే పడలేదు. గూడు లేనివాళ్లను ఇల్లు కట్టుకోవద్దని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. దేనితో కట్టాలి, ఎలా కట్టాలి అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఇంటి కర్బనాన్ని రెండు పద్దులుగా చూడాలి. సిమెంటు, ఉక్కు, ఇటుకల తయారీలో వెలువడేది గృహప్రవేశానికి ముందరి పద్దు. ఫ్యాన్లు, దీపాలు, ఏసీలు నడవడానికి విద్యుత్ కేంద్రంలో కాలే బొగ్గుది తర్వాతి పద్దు. సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ రెండో పద్దు తగ్గుతూ వస్తుంది. మొదటి పద్దులో గాల్లో కలిసింది మాత్రం ఇక వెనక్కి రాదు.

ముందరి పద్దులో పెద్ద వాటా సిమెంటుది. సూర్యాపేట, పల్నాడు, కడప ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలియడానికి కారణం అక్కడి సున్నపురాయి. ఆ రాయిని బట్టీలో సుమారు 1,450 డిగ్రీల వేడికి కాల్చి, సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారు చేస్తారు. రసాయనికంగా స్వచ్ఛమైన 100 కిలోల సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ బయటికి పోతుంది. ఈ వాయువు ఇంధనం నుంచి వచ్చింది కాదు, రాయిలోనే ఉన్నది. బట్టీని పూర్తిగా సౌరశక్తితో వేడిచేసినా ఇది తగ్గదు. అందుకే సిమెంటులో క్లింకర్ పాలు తగ్గించడమే అందుబాటులో ఉన్న దగ్గరి దారి.

దీన్ని బస్తా లెక్కలో చూద్దాం. దాదాపు మొత్తం క్లింకరే ఉండే 50 కిలోల మామూలు సిమెంటు (ఓపీసీ) బస్తా తయారీకి సుమారు 40 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. మూడో వంతు బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద కలిసిన సిమెంటు (పీపీసీ) బస్తాకైతే అది 30 కిలోల లోపే. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి మోటు లెక్కన 400 బస్తాలు పడతాయి. ఓపీసీకి బదులు అన్నీ పీపీసీ అయితే ఆదా అయ్యే కార్బన్ డై ఆక్సైడ్ నాలుగు టన్నులకు పైమాటే. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ చొప్పున వేసుకుంటే, నెలకు 150 యూనిట్లు వాడే కుటుంబానికి ఇది మూడేళ్ల కరెంటుతో సమానం.

అయినా చాలామంది మేస్త్రీలు స్లాబుకు 53 గ్రేడ్ ఓపీసీయే కావాలంటారు. త్వరగా గట్టిపడుతుంది, సెంట్రింగ్ త్వరగా విప్పవచ్చు. పీపీసీకి తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసినదానికి కనీసం 10 రోజులు తడపాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఆ కొద్దిరోజుల ఓపికకు ప్రతిఫలంగా కాంక్రీటు మరింత చిక్కబడుతుంది, ఉప్పుగాలిని, తేమను బాగా తట్టుకుంటుంది.

ఇటుకల విషయంలో దారి చూపినవారిలో తెలుగువారున్నారు. విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి ఫాల్-జి పద్ధతిని రూపొందించారు. సున్నం తడి తగిలి బూడిదలోని సిలికా, అల్యూమినాలతో చర్య జరుపుతుంది. తొలి బలం త్వరగా రావడానికి జిప్సం తోడ్పడుతుంది. ఈ ఇటుకను కాల్చే పని లేదు, నీళ్లతో తడిపితే చాలు. బొగ్గు ఖర్చూ లేదు, పొలాల పైమట్టి తవ్వే అవసరమూ లేదు. ఈ ఇటుకలు చేసే చిన్న యూనిట్ల ద్వారా తగ్గిన ఉద్గారాలను ప్రపంచ బ్యాంకు కర్బన నిధి కొనుగోలు చేసింది.

బూడిదకు ఒక పరిమితి ఉంది. బొగ్గు కేంద్రాలు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. ఆ లోటు తీర్చగలది ఎల్‌సీ-3 సిమెంటు. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయం, క్యూబా పరిశోధకులు, మన ఐఐటీలు కలిసి దీన్ని అభివృద్ధి చేశారు. ఇందులో క్లింకర్ సగమే. మిగతాది 800 డిగ్రీల ప్రాంతంలో కాల్చిన కయోలిన్ బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి, కొద్దిగా జిప్సం. ఓపీసీతో పోలిస్తే ఉద్గారాలు 40 శాతం దాకా తగ్గుతాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో దీనికి ప్రమాణం ప్రకటించింది.

ఇక తర్వాతి పద్దులో మన వాతావరణానికి కీలకమైనది పైకప్పు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గదిపై ఐదంగుళాల స్లాబు బరువు 3.4 టన్నులు. మే నెల ఎండకు అది పది డిగ్రీలు వేడెక్కితే అందులో చేరే ఉష్ణం సుమారు ఎనిమిది యూనిట్ల కరెంటుకు సమానం. పొద్దుగూకాక ఆ వేడిలో కొంత ఆకాశంలోకి పోతుంది, కొంత కింది గదిలోకి దిగుతుంది. రాత్రి పదింటికి ఫ్యాను వేడిగాలి కొట్టడానికి కారణం ఇదే.

రాయలసీమ మట్టి మిద్దెలపై మందంగా పరిచే చవుడు ఈ వేడిని చాలాసేపు ఆపేది. బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ కేరే 2001లో కట్టిన బడిలో మట్టి ఇటుకల కప్పు మీద, మధ్యలో గాలి ఆడేలా, రేకుల కప్పును ఎత్తుగా నిలిపారు. ఏసీ లేకుండానే ఆ గదులు చల్లగా ఉంటాయి. 2022లో ఆయనకు వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది.

ఉన్న స్లాబుకు తెల్లటి పూత వేసి ఎండను వెనక్కి పంపడం అన్నిటికన్నా చవక. దుమ్ము పడితే ప్రభావం తగ్గుతుంది కాబట్టి కడుగుతుండాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు ఎండను వెనక్కి పంపే కప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు మాత్రం ఐచ్ఛికం. ఎండకు అందరికన్నా ఎక్కువ మాడేది రేకుల ఇళ్లవాళ్లు. వాళ్ల కప్పులకు ప్రభుత్వమే పూత వేయిస్తే ఉపశమనం మొదట అవసరమైనవారికి చేరుతుంది.

కప్పు చల్లబడితే ఏసీ అవసరం వాయిదా పడుతుంది, కొన్నా చిన్నది సరిపోతుంది. ఏసీతో కరెంటు ఒక్కటే సమస్య కాదు. ఏసీల్లో నేడు విరివిగా వాడే ఆర్-32 వాయువు వందేళ్ల కాలంలో కార్బన్ డై ఆక్సైడ్ కన్నా సుమారు 675 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. మరమ్మతు వేళ ఒక కిలో గాల్లోకి వదిలేస్తే పదహారు బస్తాల ఓపీసీ తయారీకి మించిన నష్టం. వాయువును సిలిండర్‌లోకి తిరిగి పట్టడం మెకానిక్‌లకు నేర్పడం, అందుకు తగిన కూలి ఇవ్వడం అవసరం.

కార్పొరేట్ కార్యాలయాలకు పచ్చని రేటింగులు రావడం మంచిదే. కానీ మన రాష్ట్రాల్లో ఇళ్ల సంఖ్య పెరిగేది ప్రభుత్వ గృహ పథకాల్లో, ఊళ్లలో సొంతంగా కట్టుకునే డాబాల్లో. అక్కడ సిమెంటు రకాన్ని, కప్పును నిర్ణయించేవి ఏటా వెలువడే ప్రభుత్వ రేట్ల పట్టిక, టెండరు షరతులు, మేస్త్రీ మాట. స్లాబు పూత, కిటికీ నీడ, మిశ్రమ సిమెంటు, కాల్చని ఇటుక ఆ పట్టికలో, ఆ షరతుల్లో చేరాలి. మేస్త్రీల శిక్షణలో కాంక్రీటును తడపాల్సిన (క్యూరింగ్) గడువుకు చోటు దొరకాలి. అప్పుడు లక్షల ఇళ్లు ఒక్కసారిగా మారతాయి, కట్టుకునేవారిపై అదనపు భారం పెద్దగా పడదు. పైగా ఆ ఇళ్లలో కరెంటు బిల్లు తగ్గుతుంది, వేసవి రాత్రి నిద్ర పడుతుంది. పేదవాడి సౌకర్యానికీ భూగోళపు మేలుకూ ఇక్కడ వైరుధ్యం లేదు.