ఆంగ్ల కర్మణి వాక్యాలలో మోడల్ క్రియలు - క్రియా విశేషణాల స్థానం

ఆంగ్ల భాషలో మోడల్ సహాయక క్రియలతో ఏర్పడే కర్మణి వాక్యాలలో క్రియా విశేషణం ఎక్కడ నిలవాలి అన్నది వ్యాకరణంలో ఒక ముఖ్యాంశం. ఇటువంటి వాక్యంలో క్రియాభాగం ఒకే పదం కాదు. రెండు మూడు సహాయక క్రియలు, వాటి తరువాత ప్రధాన క్రియ కలిసి వస్తాయి. ఆ పదాల నడుమ ఉన్న ఖాళీలలో ఏ క్రియా విశేషణం ఎక్కడ ఇముడుతుందన్నది దాని అర్థాన్ని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల స్థానం మారితే వాక్యార్థమే మారిపోతుంది.

నిర్మాణం

కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే తొమ్మిదింటిని ప్రధానమైన మోడల్ క్రియలుగా లెక్కిస్తారు. వీటితో కర్మణి ప్రయోగం రెండు రూపాలలో ఏర్పడుతుంది.

* మోడల్ + బి + క్రియ యొక్క మూడవ రూపం. ఉదాహరణ: "ది ఆన్సర్ షీట్స్ మస్ట్ బి చెక్డ్" (జవాబు పత్రాలను దిద్దాలి).
* మోడల్ + హావ్ + బీన్ + క్రియ యొక్క మూడవ రూపం. ఉదాహరణ: "ది ఆన్సర్ షీట్స్ షుడ్ హావ్ బీన్ చెక్డ్" (జవాబు పత్రాలను దిద్ది ఉండవలసింది).

మొదటి రూపంలో క్రియా విశేషణానికి నాలుగు స్థానాలు కనిపిస్తాయి.

1. మోడల్‌కు ముందు
2. మోడల్‌కు, 'బి'కి నడుమ
3. 'బి'కి, ప్రధాన క్రియకు నడుమ
4. ప్రధాన క్రియ తరువాత

ఇవి కాక, వాక్యం మొత్తానికి వర్తించే 'అన్‌ఫార్చునేట్లీ' (దురదృష్టవశాత్తు) వంటి పదాలు సాధారణంగా వాక్యారంభంలో వస్తాయి.

రీతిని తెలిపేవి

పని ఎలా జరగాలో చెప్పే పదాలు ప్రధాన క్రియకు దగ్గరగా ఉంటాయి. అంటే మూడవ స్థానంలో గాని, నాలుగవ స్థానంలో గాని వస్తాయి. "మస్ట్ బి కేర్‌ఫుల్లీ చెక్డ్", "మస్ట్ బి చెక్డ్ కేర్‌ఫుల్లీ" అనే రెండూ సరైనవే. "మస్ట్ కేర్‌ఫుల్లీ బి చెక్డ్" అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

కర్తరి వాక్యంలో క్రియకు, దాని కర్మకు నడుమ క్రియా విశేషణాన్ని చొప్పించరాదు. అందువలన "చెక్ కేర్‌ఫుల్లీ ది ఆన్సర్స్" అనడం తప్పు. కర్మణి వాక్యంలో కర్మ వాక్యారంభానికి వెళ్ళిపోతుంది కాబట్టి క్రియ తరువాత స్థానం ఖాళీగా ఉంటుంది. అక్కడ క్రియా విశేషణం నిస్సంకోచంగా నిలుస్తుంది.

'వెల్' అనే పదం ప్రత్యేకమైనది. "షి వెల్ టోల్డ్ ది స్టోరీ" అనే కర్తరి వాక్యం చెల్లదు. కాని "ఎ స్టోరీ మస్ట్ బి వెల్ టోల్డ్" (కథను చక్కగా చెప్పాలి) అనే కర్మణి వాక్యం చెల్లుతుంది. ఇదే పదం 'మే' వెంటనే వస్తే 'చక్కగా' అనే అర్థం పోయి సంభావ్యతను తెలుపుతుంది. "ది మ్యాచ్ మే వెల్ బి క్యాన్సిల్డ్" అంటే ఆట రద్దయ్యే అవకాశం బాగా ఉన్నదని అర్థం.

తరచుదనాన్ని, సంభావ్యతను తెలిపేవి

ఆల్వేస్, నెవర్, సమ్‌టైమ్స్, ప్రాబబ్లీ వంటి పదాలు రెండవ స్థానంలో, అంటే మోడల్ వెంటనే వస్తాయి.

* "మెడిసిన్స్ షుడ్ ఆల్వేస్ బి కెప్ట్ అవే ఫ్రమ్ చిల్డ్రన్" (మందులను ఎల్లప్పుడూ పిల్లలకు దూరంగా ఉంచాలి).
* "ది మీటింగ్ విల్ ప్రాబబ్లీ బి పోస్ట్‌పోన్డ్" (సమావేశం బహుశా వాయిదా పడుతుంది).

'విల్ నాట్' కుదించి 'వోంట్' అయినప్పుడు మాత్రం 'ప్రాబబ్లీ' దానికి ముందే వస్తుంది: "ది మీటింగ్ ప్రాబబ్లీ వోంట్ బి పోస్ట్‌పోన్డ్".

'ఈజీలీ' రెండు విధాలుగానూ వాడుకలో ఉన్నది. "దిస్ కెన్ ఈజీలీ బి డన్" అన్నప్పుడు ఆ పని సాధ్యమేనన్న భావానికి, "దిస్ కెన్ బి డన్ ఈజీలీ" అన్నప్పుడు పని జరిగే తీరుకు ప్రాధాన్యం లభిస్తుంది.

కాలాన్ని, స్థలాన్ని తెలిపేవి

టుమారో, యెస్టర్‌డే, హియర్ వంటి పదాలు వాక్యం చివర గాని, మొదట గాని వస్తాయి. "ది లెటర్ మస్ట్ బి టుమారో సెంట్" అనడం తప్పు. "ది లెటర్ మస్ట్ బి సెంట్ టుమారో" అనాలి.

హావ్ బీన్ ఉన్న వాక్యాలు

సహాయక క్రియలు మూడైనప్పుడు రీతిని తెలిపే పదం 'బీన్' తరువాత గాని, ప్రధాన క్రియ తరువాత గాని వస్తుంది: "షుడ్ హావ్ బీన్ కేర్‌ఫుల్లీ చెక్డ్". సంభావ్యతను తెలిపే పదం మోడల్ వెంటనే వస్తుంది: "ది యాక్సిడెంట్ కుడ్ ఈజీలీ హావ్ బీన్ అవాయిడెడ్" (ఆ ప్రమాదాన్ని సులభంగా నివారించగలిగి ఉండేవారు). 'ఆల్రెడీ' వంటి పదాలు 'హావ్'కు ముందైనా, వెనుకనైనా రావచ్చు.

స్థానంతో మారే అర్థం

* నాట్: ఇది మోడల్ వెంటనే వస్తుంది. దాని తరువాత వచ్చే క్రియా విశేషణం సాధారణంగా వ్యతిరేకార్థం పరిధిలోకి చేరుతుంది. "హి రియల్లీ కెనాట్ బి ట్రస్టెడ్" అంటే అతనిని నిజంగా నమ్మలేమని గట్టిగా చెప్పడం. "హి కెనాట్ రియల్లీ బి ట్రస్టెడ్" అంటే పూర్తిగా నమ్మలేమని కొంత మెత్తగా చెప్పడం. అలాగే "ది ట్యాంక్ షుడ్ నాట్ బి కంప్లీట్లీ ఫిల్డ్" అన్న సూచన తొట్టిని కొంతవరకు నింపడాన్ని నిషేధించదు. 'కంప్లీట్లీ' తీసివేస్తే అసలు నింపరాదని అర్థం వస్తుంది.

* విల్లింగ్లీ: "రవి విల్ విల్లింగ్లీ బి ట్రైన్డ్ బై సీత" అన్న వాక్యంలో ఇష్టం రవిది. "రవి విల్ బి విల్లింగ్లీ ట్రైన్డ్ బై సీత" అన్నప్పుడు ఆ ఇష్టం శిక్షణ ఇచ్చే సీతది కూడా కావచ్చు. భాషా శాస్త్రవేత్త రే జాకెండాఫ్ 1972లో వెలువడిన తన గ్రంథంలో ఇటువంటి క్రియా విశేషణాలను చర్చించాడు.

* ఓన్లీ: "ది ఫారం మే ఓన్లీ బి సైన్డ్ ఇన్ ది ఆఫీస్" అన్న వాక్యాన్ని కార్యాలయంలోనే సంతకం చేయాలని గాని, కార్యాలయంలో సంతకం తప్ప మరేమీ చేయరాదని గాని గ్రహించే వీలున్నది. నియమ నిబంధనలు వ్రాసేటప్పుడు 'ఓన్లీ'ని అది వర్తించే పదం పక్కనే ఉంచడం మేలు: "మే బి సైన్డ్ ఓన్లీ ఇన్ ది ఆఫీస్".

సహాయక క్రియలను విడదీయరాదన్న వాదం

సహాయక క్రియకు, ప్రధాన క్రియకు నడుమ క్రియా విశేషణం రాకూడదని కొందరు నమ్ముతారు. 'టు'కు, క్రియకు నడుమ పదం రాకూడదన్న పాత నియమాన్ని అతిగా విస్తరించడమే ఇందుకు కారణమని చెబుతారు. హెచ్. డబ్ల్యు. ఫౌలర్ 1926లో ప్రచురించిన ఆంగ్ల వాడుక నిఘంటువులో ఈ నమ్మకాన్ని తోసిపుచ్చాడు.

2009 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా బరాక్ ఒబామా ప్రమాణం చేసినప్పుడు ఈ విషయం చర్చకు వచ్చింది. ప్రమాణ పాఠంలో 'విల్' వెంటనే ఉండవలసిన 'ఫెయిత్‌ఫుల్లీ' (విశ్వాసపూర్వకంగా) అనే పదాన్ని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ వాక్యం చివరకు జరిపి పలికించాడు. ముందు జాగ్రత్తగా మరునాడు ప్రమాణాన్ని మరల చేయించారు. క్రియను విడదీయరాదన్న నమ్మకమే ఈ తడబాటుకు మూలమని స్టీవెన్ పింకర్ అభిప్రాయపడ్డాడు. ఆ వాక్యం కర్తరి ప్రయోగమే అయినా, మోడల్ వెంటనే క్రియా విశేషణం రావడం సహజమని ఇది తెలుపుతుంది.

తెలుగుతో పోలిక

తెలుగులో ఆంగ్ల మోడల్ క్రియల పనిని '-ఆలి', '-వచ్చు', '-కూడదు', '-గల' వంటివి చేస్తాయి. ఇవి క్రియకే అతుక్కుంటాయి. కర్మణి ప్రయోగంలోని 'బడు' కూడా క్రియలో భాగమే. 'దిద్దబడాలి' అనేది ఒకే పదం కాబట్టి దాని నడుమ మరొక పదం చేరే వీలు లేదు. 'జాగ్రత్తగా', 'ఎల్లప్పుడూ', 'రేపు' అనే మూడూ క్రియకు ముందే వస్తాయి. ఆంగ్లంలో ఈ మూడింటికీ మూడు వేర్వేరు స్థానాలు ఉండడం వలన తెలుగు విద్యార్థులు 'టుమారో' వంటి పదాలను క్రియకు ముందు వ్రాయడం జరుగుతుంది.

కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చేటప్పుడు క్రియా విశేషణాన్ని వదలివేయడం కూడా తరచుగా జరిగే పొరపాటు. "సమ్‌వన్ షుడ్ ఇన్‌ఫార్మ్ ది పోలీస్ ఇమ్మీడియట్లీ" అన్న వాక్యం "ది పోలీస్ షుడ్ బి ఇన్‌ఫార్మ్డ్ ఇమ్మీడియట్లీ" అని మారుతుంది. 'షుడ్ ఇమ్మీడియట్లీ బి ఇన్‌ఫార్మ్డ్' అన్నా సరైనదే. ముందుగా మోడల్, 'బి', మూడవ రూపం వరుసగా వ్రాసుకుని, తరువాత క్రియా విశేషణం రీతిని తెలుపుతున్నదా, తరచుదనాన్నా, కాలాన్నా అని చూసుకుంటే దాని స్థానాన్ని నిర్ణయించడం సులభం.