లెక్క అప్పజెప్పవలసిన రోజు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, నైరుతి మూలన, ఓక్లహోమా సరిహద్దును ఆనుకొని ఎల్క్‌హార్ట్ అనే చిన్న ఊరుంది. జనాభా సుమారు రెండు వేలు. పంట పొలాలు, పశువుల పెంపకం అక్కడి జీవనాధారం. అలాంటి ఊళ్లో బ్యాంకంటే కేవలం డబ్బు దాచుకునే చోటు కాదు. కౌంటర్లో కూర్చున్నవారు, ఎదుట నిలబడ్డవారు ఒకరికొకరు పేరుపేరునా తెలిసినవారు. ఆదివారం ఒకే ఆరాధనలో పక్కపక్కన కూర్చునేవారు.

2023 జులై 28, శుక్రవారం నాడు ఆ ఊరి హార్ట్‌ల్యాండ్ ట్రై-స్టేట్ బ్యాంకును రాష్ట్ర బ్యాంకింగ్ అధికారులు మూసేశారు. కేంద్ర డిపాజిట్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీని రిసీవర్‌గా నియమించారు. సోమవారం ఉదయానికి ఆ బ్యాంకు నాలుగు శాఖలూ డ్రీమ్ ఫస్ట్ బ్యాంకు అనే వేరే పేరుతో తెరుచుకున్నాయి. డిపాజిటర్ల సొమ్ము ఒక్క డాలరు కూడా పోలేదు. కానీ బ్యాంకు మాత్రం పోయింది. దానితోపాటు ఒక ఊరి నమ్మకమూ పోయింది.

ఆర్థిక మాంద్యమో, పంట నష్టమో, మొండి బకాయిలో దీనికి కారణం కాదు. ఆ బ్యాంకు అధిపతి షాన్ హేన్స్ ఒక్కడే దాన్ని ఖాళీ చేశాడు. 2023 మే నుంచి జులై వరకు, కొద్ది వారాల్లోనే 4 కోట్ల 71 లక్షల డాలర్లను విడతలు విడతలుగా బయటికి పంపేశాడు. ఆ బ్యాంకు మొత్తం ఆస్తులే సుమారు 13 కోట్ల 90 లక్షల డాలర్లు. అంటే మూడో వంతు. హేన్స్ ముసుగు వేసుకొచ్చిన దొంగేమీ కాదు. బ్యాంకర్ల సంఘాల్లో పేరున్నవాడు. సంఘంలో వాక్యం బోధించినవాడు.

మేపి మరీ కోసే మోసం

2022 చివరలో వాట్సాప్‌లో పరిచయమైన ముక్కూమొహం తెలియని మనుషులు క్రిప్టో కరెన్సీలో పెట్టుబడి పెడితే గొప్ప లాభాలొస్తాయని అతన్ని నమ్మించారు. ఇలాంటి మోసానికి ‘పందిని మేపి కోయడం’ అని పేరు. మొదట కొంత లాభం చూపిస్తారు. తెరమీద అంకెలు పెరుగుతూ ఉంటాయి. ఆ అంకెలు చూసి మనిషి ఇంకా ఇంకా పోస్తాడు. తీసుకుందామనుకునేసరికి, ఆ సొమ్ము విడుదల కావాలంటే మరికొంత కట్టమంటారు. కట్టిన ప్రతిసారీ ఇంకొంత అడుగుతారు. చివరికి అక్కడ లాభమూ ఉండదు, అసలూ ఉండదు.

హేన్స్ మొదట సొంత డబ్బు పెట్టాడు. అది చాలలేదు. 2023 ఆరంభంలో తన సంఘం ఖాతానుంచి 40,000 డాలర్లు తీశాడు. స్థానికులు కలిసి నడుపుకునే పెట్టుబడుల క్లబ్బునుంచి 10,000 డాలర్లు తీశాడు. సొంత కూతురి కాలేజీ చదువుకని దాచిన 60,000 డాలర్లూ పోశాడు. ఆ తర్వాత బ్యాంకు మీద పడ్డాడు.

ఈ వరుసను జాగ్రత్తగా గమనించాలి. ఏ మనిషీ మొదటిరోజే బ్యాంకును ముంచాలని అనుకోడు. యెరికో పతనం తర్వాత ఆకాను చెప్పిన ఒప్పుకోలులోనూ ఇలాంటి వరుసే ఉంది. చూశాడు, ఆశించాడు, తీసుకున్నాడు, దాచాడు (యెహోషువ 7:21). దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని, ఆ పాపం పెరిగి మరణాన్ని కంటుందని యాకోబు అంటాడు (1:15). పాపానికి ఒక పెరుగుదల ఉందన్నమాట. సంఘం పెట్టెలోనుంచి తీసిన రోజునే అతన్ని ఎవరైనా ఆపి ఉంటే ఊరు మునిగేది కాదు. కానీ ఆ పెట్టె తాళం చూడాలని ఎవరికీ అనిపించలేదు. బోధకుడి చేతిలో ఉంది కదా!

ప్రభువు శిష్యుల మధ్య కూడా ఇదే జరిగింది. యూదా దగ్గర డబ్బు సంచి ఉండేది. అందులో వేసినదాన్ని అతను దొంగిలించేవాడని యోహాను స్పష్టంగా రాశాడు (12:6). అయినా కడరాత్రి భోజనం దగ్గరనుంచి అతను లేచి వెళ్తుంటే, పండుగకు కావలసినవి కొనడానికో, పేదలకేమైనా ఇవ్వడానికో వెళ్తున్నాడని మిగతావారు అనుకున్నారు (13:29). ఒక్కరూ అనుమానించలేదు. పరిశుద్ధుల మధ్య ఉన్నంతమాత్రాన సంచికి కాపలా అక్కరలేదని అనుకోవడం విశ్వాసం కాదు, అజాగ్రత్త.

‘కాదు’ అన్న ఒక్కడు

అంత పెద్ద మొత్తాలు ఒక చిన్న బ్యాంకునుంచి ఎలా వెళ్లాయి? అక్కడ నిబంధనలు లేకపోలేదు. బయటికి పంపే సొమ్ముకు పరిమితులున్నాయి. కానీ పంపమన్నది పై అధికారి. ఊరంతా గౌరవించే పెద్దమనిషి. ఆయన చెప్పాక కాదనేదెవరు? కింది ఉద్యోగులు నిబంధనలను పక్కనబెట్టి సొమ్ము పంపారు. ఫెడరల్ రిజర్వ్ తనిఖీ విభాగం జరిపిన విచారణలో ఈ సంగతి బయటపడింది.

చివరికి అతను బ్యాంకు ఖాతాదారుడైన ఒక సంపన్నుడి దగ్గరికి వెళ్లి 1 కోటీ 20 లక్షల డాలర్లు అప్పు అడిగాడు. అది ఇస్తే ఇరుక్కున్న సొమ్మంతా విడిపించుకుంటానన్నాడు. ఆ వ్యక్తి ఇవ్వనన్నాడు. ఇది మోసమని మొహంమీదే చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. బ్యాంకు డైరెక్టర్లకు విషయం చేరవేశాడు. అలా గుట్టు బయటపడింది.

స్నేహితుడి తప్పును బయటపెట్టడం ద్రోహమని మనలో చాలామంది అనుకుంటారు. ‘మనకెందుకులే, పెద్దాయన కదా’ అని తల దించుకుంటారు. కానీ ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదని కావలివాడి చేతినుంచి ఆ రక్తాన్ని విచారిస్తానని దేవుడు యెహెజ్కేలుతో అన్నాడు (33:6). ఆ ఊళ్లో ‘అలాగేనండీ’ అన్నవాళ్లు కాక, ‘కాదు’ అన్న ఒక్కడే నిజమైన పొరుగువాడు.

నష్టం ఎవరు భరించారు?

రిసీవర్ అంటే ఎవరు? దివాలా తీసిన సంస్థ తాళాలు, ఖాతా పుస్తకాలు, ఆస్తులు, అప్పులు అన్నీ చట్టప్రకారం తన చేతిలోకి తీసుకుని, ఎవరికి ఎంత చెల్లాలో తేల్చేవాడు. ఆ క్షణం నుంచి పాత అధిపతి మాట చెల్లదు. అతని గదీ అతనిది కాదు. యేసు ప్రభువు చెప్పిన అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానం మొదలయ్యేది కూడా ఇక్కడే. యజమాని అతన్ని పిలిచి, నీ లెక్క అప్పజెప్పు, ఇకమీదట నువ్వు ఈ పనిలో ఉండేందుకు వీల్లేదన్నాడు (లూకా 16:2). ప్రతి గృహనిర్వాహకుడికీ అలాంటి శుక్రవారం ఒకటి వస్తుంది. బ్యాంకు అధిపతికే కాదు, సంఘ కోశాధికారికీ, పాస్టరుకూ, ఇంటి యజమానికీ వస్తుంది. మన చేతిలో ఉన్నదేదీ మనది కాదని ఆ రోజు తేలిపోతుంది.

మరి ఎల్క్‌హార్ట్‌లో నష్టం ఎటు పోయింది? డిపాజిటర్లు బతికిపోయారు. 1930ల్లో అమెరికాలో వేల బ్యాంకులు కూలి సామాన్యుల కష్టార్జితం గాలిలో కలిసిపోయిన అనుభవంతో, 1933లో ఈ బీమా ఏర్పాటు పుట్టింది. ఈ ఒక్క బ్యాంకు పతనం ఆ బీమా నిధికి సుమారు 5 కోట్ల 42 లక్షల డాలర్ల భారమవుతుందని అప్పట్లో అంచనా వేశారు. ఆ నిధి ఇతర బ్యాంకులు కట్టిన ప్రీమియంతో నిండింది. అంటే తప్పు చేయనివారు కట్టిన డబ్బుతో ఈ గొయ్యి పూడ్చారు. బ్యాంకులో వాటాలున్న స్థానికులు మాత్రం పొదుపంతా పోగొట్టుకుని నిలబడ్డారు. వారిలో తమ ముసలితనానికని దాచుకున్నవారున్నారు.

2024 మే నెలలో హేన్స్ నేరం ఒప్పుకున్నాడు. ఆగస్టులో విచిటా నగరంలోని ఫెడరల్ కోర్టు అతనికి 293 నెలలు, అంటే 24 ఏళ్ల 5 నెలల జైలుశిక్ష వేసింది. అతని వయసు అప్పటికి 53. బాధితులు కోర్టులో తమ గోడు చెప్పుకున్నారు. అతను క్షమించమని అడిగాడు. తర్వాత ఎఫ్‌బీఐ ఒక క్రిప్టో ఖాతానుంచి సుమారు 80 లక్షల డాలర్లు రాబట్టగలిగింది. వాటాదారులకు ఊరట దొరికింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. క్షమాపణ అడిగితే సరిపోతుందా? ఒకడు తన పొరుగువాడు దాచమని అప్పగించిన దాని విషయంలో బొంకితే ఏం చేయాలో లేవీయకాండం 6వ అధ్యాయం చెబుతుంది. అసలు మొత్తం తిరిగి ఇవ్వాలి. దానిమీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. ఆ తర్వాతే అపరాధ పరిహారార్థ బలి తేవాలి. ముందు పొరుగువాడి గుమ్మం, తర్వాత బలిపీఠం. జక్కయ్య ఈ సంగతి ఎరిగినవాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందనడానికి అదే గుర్తయింది (లూకా 19:8, 9).

అయితే కొన్ని అప్పులు మనిషి తీర్చలేడు. హేన్స్ ఎన్ని జన్మలెత్తినా 4 కోట్ల 71 లక్షల డాలర్లు సంపాదించి కట్టలేడు. దేవుని ఎదుట మన లెక్క కూడా అంతే. పాపం ఎక్కడ జరిగినా దాని నష్టం గాలిలో మాయమవదు, ఎవరో ఒకరు దాన్ని భరించి తీరాలి. మన నష్టాన్ని సిలువమీద నిర్దోషి ఒకడు భరించాడు. క్షమాపణ మనకు ఉచితమే గాని చవక కాదు. ఆ వెల తెలిసినవాడు ఇతరుల సొమ్ముమీద చెయ్యి వేయలేడు.

మన సంఘాల మాటేమిటి?

ఇదంతా ఎక్కడో అమెరికా కథ అని పేజీ తిప్పేయడానికి లేదు. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు కూలినప్పుడు డిపాజిటర్లు పడ్డ అగచాట్లు మనవాళ్లకు ఇంకా గుర్తే. మన దేశంలో డిపాజిట్ బీమా అప్పుడు లక్ష రూపాయలే. 2020లో దాన్ని 5 లక్షలకు పెంచారు. కానీ పక్కింటివారు నడిపే చీటీకి, వాట్సాప్‌లో వచ్చే పెట్టుబడి పథకానికి ఈ బీమా వర్తించదు. సంఘం కానుకల పెట్టెకు అసలే బీమా లేదు. దానికి ఉన్న బీమా మన నమ్మకత్వమే.

కానుకల విషయంలో బైబిలు ఎంత జాగ్రత్త చూపిందో గమనించండి. యోవాషు రాజు కాలంలో మందిరం పెట్టెలో పడ్డ ద్రవ్యాన్ని రాజుగారి లేఖకుడు, ప్రధానయాజకుడు ఇద్దరూ కలిసి వచ్చి లెక్కచూసి సంచుల్లో కట్టేవారు (2 రాజులు 12:10). ఆ తర్వాత పని చేయించేవారి చేతికిచ్చి, వారు నమ్మకస్తులు కనుక మళ్లీ లెక్క అడగలేదు (12:15). అంటే ముందు లెక్క, తర్వాత నమ్మకం. మన దగ్గర చాలాచోట్ల నమ్మకమే ముందు, లెక్క అసలుండదు. యెరూషలేము బీదల కోసం పోగైన చందాను తానొక్కడే మోయడానికి పౌలు ఒప్పుకోలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలన్నది ఆయన పట్టుదల (2 కొరింథీ 8:19-21). అపొస్తలుడికే అక్కరైన సాక్షులు మన పాస్టర్లకు, పెద్దలకు అక్కరలేదా?

ప్రతి ఆదివారం కానుకలు కనీసం ఇద్దరు కలిసి లెక్కించాలి. బ్యాంకు ఖాతా ఒక్కరి పేరున, ఒక్క సంతకంతో ఉండకూడదు. ఏడాదికోసారైనా బయటివారితో ఆడిట్ చేయించి సంఘం ముందు చదవాలి. లెక్క అడిగినవాడిని అవిశ్వాసి అనకూడదు. అతను సంఘానికే కాదు, కోశాధికారికీ మేలు చేస్తున్నాడు. శోధన వచ్చిన రోజున ఆ పుస్తకమే అతన్ని కాపాడుతుంది. ఇది అనుమానం కాదు, సహోదర ప్రేమ.

అన్నిటికన్నా ముందు, మన హృదయపు పుస్తకం తెరవాలి. త్వరగా ధనవంతులం కావాలనే ఆశ ఉచ్చులాంటిదని పౌలు తిమోతికి హెచ్చరించాడు (1 తిమోతి 6:9). మిక్కిలి కొంచెంలో నమ్మకంగా ఉండేవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు చెప్పాడు (లూకా 16:10). ఎల్క్‌హార్ట్‌లో ఒక ఊరు మునగడానికి ముందు ఒక సంఘం పెట్టెలోని 40,000 డాలర్లు కదిలాయి. మన పెట్టెలోని నలభై రూపాయలకు ఈవారం మనం లెక్క చెప్పగలమా?