పొలంలో రెండు గుంతల మరుగుదొడ్డి: ట్యాంకర్ పిలిచే పని లేదు

జీవామృతం, ఘనజీవామృతం, ఆచ్ఛాదన గురించి మనం ఎన్నో వీడియోలు చేసుకున్నాం. ఈసారి ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం తీసుకున్నా. అదే పొలంలో మరుగుదొడ్డి. కలుపుకో, కోతకో వచ్చే ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఓర్చుకుంటారు. కారణం మనందరికీ తెలిసిందే. పైన ఉన్న వీడియోలో మా తోటలోని దొడ్డిని, దాని రెండు గుంతల్ని చూపించాను. వాడకం, సంభాళింపు వివరంగా కింద రాస్తున్నా.

సెప్టిక్ ట్యాంక్ ఎందుకు వద్దన్నాను?

మేస్త్రీ మొదట సెప్టిక్ ట్యాంకే కడదామన్నాడు. చుట్టూ సిమెంటు చేసిన ట్యాంకు రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. పొలం గట్టు మీద ట్యాంకర్ రాదు. అప్పుడు ఎవరో ఒకరిని లోపలికి దింపాలనిపిస్తుంది. ఆ ట్యాంకులో పుట్టే విషవాయువు మనిషిని నిమిషాల్లో చంపుతుంది, కాపాడబోయినవాళ్లనీ తీసుకుపోతుంది. 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని అందులోకి దింపడం నేరం కూడా.

రెండు గుంతల పద్ధతిలో ఆ గొడవ లేదు. ఒక గుంత వాడుకలో ఉంటే ఇంకోటి విశ్రాంతిలో ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులే పని చేస్తాయి. మన ఘనజీవామృతంలాగే దీనికీ కాలం ఇవ్వాలి, అంతే.

కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి

- ఒక్కో గుంత సుమారు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. ఐదుగురు రోజూ వాడితే ఒక గుంత దాదాపు 3 ఏళ్లు వస్తుంది.
- గోడకు సందులు వదిలి ఇటుక కట్టాలి, లేదా చిల్లులున్న సిమెంటు రింగులు దింపాలి. అడుగున సిమెంటు వేయకూడదు. నీరు, గాలి మట్టిలోకే ఇంకుతాయి కాబట్టి గాలి గొట్టం అక్కర్లేదు.
- గుంతకూ గుంతకూ మధ్య కనీసం 3 అడుగుల ఎడం ఉండాలి. లేకపోతే వాడే గుంత నీళ్లు మూసిన గుంతలోకి ఊరతాయి.
- నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. గుంత చుట్టూ అడుగు మందాన ఇసుక, కంకర నింపుకోండి.
- బోరుకు, బావికి ఎంత దూరముంటే అంత మంచిది. కనీసం 50 అడుగులు చూసుకోండి. నీళ్లు పైపైనే తగిలే పొలమైతే ఇంజనీరును అడగకుండా తవ్వొద్దు.
- మూత నేల కంటే కాస్త ఎత్తులో ఉండాలి. వాననీరు లోపలికి పోకూడదు.

రోజువారీ వాడకం

వాలు ఎక్కువగా ఉండే బేసిన్ పెట్టుకుంటే ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్లు చాలు. బకెట్లకు బకెట్లు పోస్తే గుంత తడిసి ముద్దవుతుంది. స్నానం నీళ్లు, గిన్నెల నీళ్లు ఇందులోకి వదలొద్దు. మేము వాటిని అరటి పాదుకి మళ్లించాం. యాసిడ్, ఫినాయిల్ పోస్తే లోపలి సూక్ష్మజీవులు చస్తాయి. బ్రష్, నీళ్లు, చిటికెడు సబ్బుపొడి సరిపోతాయి. ప్యాడ్లు, ప్లాస్టిక్, గుట్కా కవర్లు వేయకూడదు. వాటికి పక్కనే మూత ఉన్న డబ్బా పెట్టండి. పనికి వచ్చే వాళ్లకు ఈ మాట మా ఆవిడే చెబుతుంది. ఆడవాళ్లు ఆడవాళ్లకు చెబితేనే బాగుంటుంది.

గుంత మార్చడం

బేసిన్‌లో నీళ్లు మెల్లగా దిగుతున్నాయంటే పైపు అడ్డుపడిందేమో ముందు చూడండి. అది కాకపోతే గుంత నిండినట్టే. ఛాంబర్ మూత తీసి, నిండిన గుంత వైపు పైపు మూతిని ఇటుక ముక్క, మట్టితో గట్టిగా మూసి, రెండో వైపు తెరవండి. మూసిన తేదీని గుంత మూత మీద పెయింట్‌తో రాయండి. ఈ తేదీ చాలా ముఖ్యం. రెండు గుంతలూ ఒకేసారి వాడితే రెండూ ఎప్పుడూ పచ్చిగానే ఉంటాయి, ఈ పద్ధతికి అర్థమే ఉండదు.

ఎరువు తీయడం

మూసిన గుంతను రెండేళ్లు కదపకండి. ఏలికపాముల గుడ్లు మొండివి, తొందరపడితే చావవు. ఎండాకాలంలో తెరవండి. నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉంటే తీయొచ్చు. తడిగా ఉన్నా, వాసన వచ్చినా మళ్లీ మూసేయండి. గ్లౌజులు, బూట్లు వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడగండి.

చాలామందికి ఇక్కడ రోత అడ్డొస్తుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా ఇలాంటి గుంతలోకి దిగి ఎరువు తీసి చూపించారు. అంత పెద్ద అధికారికి లేని రోత, పేడ పిసికే మనకెందుకండీ?

ఈ ఎరువును మామిడి, కొబ్బరి పాదుల్లో మట్టిలో కలిపి, పైన ఆచ్ఛాదన కప్పండి. ఆకుకూరలకు, టమాటాకు, ముల్లంగి, క్యారెట్ లాంటి పచ్చిగా తినేవాటికి వద్దు. సేంద్రియ ధ్రువీకరణ ఉన్నవాళ్లు వేసే ముందే ఏజెన్సీని రాతపూర్వకంగా అడగండి.

ఛాంబర్ మార్చే విధానం వీడియో చివర్లో దగ్గరగా చూపించాను. మీ మేస్త్రీకి కూడా చూపించండి, గుంతల మధ్య ఎడం మాత్రం దగ్గరుండి టేపుతో కొలిపించండి.