ఇంటి కావలి కెమెరా - వసారాలోని టెలివిజను

మన గ్రామములలో కావలి కెమెరాలు నానాటికి హెచ్చుచున్నవి. పెరటిలోని మోటారు, కొట్టములోని పశువులు, కళ్ళములో నెండుచున్న మిరపకాయలు, వసారాలో వేసిన ధాన్యపు బస్తాలు - వీనికి కాపుగా రైతులు వానిని పెట్టించుకొనుచున్నారు. పెక్కు యిండ్లలో నీ పనిని హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో యున్న బిడ్డలు ఖర్చు పెట్టి చేయించుచున్నారు. మంచిదే. కాని వాకిటి చిత్రము దూరముననున్న కుమారుని ఫోనులో కనబడుచున్నది గాని, ఆ యింటనే కాపురమున్న తల్లిదండ్రులకు కనబడుట లేదు. ఫోనులోని చిన్న యక్షరములు వారి కంటికి ఆనవు. నడిరేయి కుక్క మొఱిగినచో, ఎప్పటివలెనే తలుపు తీసికొని చీకటిలోనికి పోవలసినదే. ఇట్టి కావలి వలన నింటివారికి సగము ప్రయోజనమే యని మా యభిప్రాయము.

ఆ చిత్రమును ఇంటి టెలివిజనులోనే చూడవచ్చును. ఇది క్రొత్త యూహ యేమియు గాదు. న్యూయార్కు నగరపు క్వీన్సు ప్రాంతమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు తన భర్తతో గూడి 1966లో ఇట్టి యేర్పాటునకు పేటెంటు కోరెను. 1969 డిసెంబరు 2వ తేదీన అది మంజూరయ్యెను. తలుపునకు వేర్వేరు ఎత్తులలో రంధ్రములు, వాని వెనుక పైకి క్రిందికి జరుగు కెమెరా, లోపలి గదిలో టెలివిజను - ఇదియే యా యేర్పాటు. అనగా ఇంటి కావలి చిత్రము మొదట చేరినది టెలివిజనునకే. ఫోను తరువాత వచ్చినది.

ఇక విధానము. కెమెరాలు రెండు మూడైనను ఉన్న యింటికి రికార్డరు పెట్టెయే శ్రేష్ఠము. పనివారు దీనిని డి.వి.ఆర్. అనియు, ఎన్.వి.ఆర్. అనియు చెప్పుదురు. మొదటిదానికి కెమెరాల నుండి గుండ్రని కో-ఆక్సియల్ తీగలు వచ్చును. మేలైన తీగయైనచో రెండువందల మీటర్లు దాటియు చిత్రము చెడదు గనుక, ఇంటికి దూరముగా నున్న కొట్టమునకు నిది యనువు. రెండవదానికి లాన్ తీగలు వచ్చును. వీని హద్దు 100 మీటర్లు, కాని తగిన పరికరమున్నచో విద్యుత్తు కూడ ఆ తీగలోనే పోవును. ఏ పెట్టెయైనను వెనుక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రముండును. అచ్చటి నుండి టెలివిజనునకు ఒక తీగ వేసి, రిమోటులో సోర్స్ లేక ఇన్‌పుట్ అను మీటను నొక్కి, ఆ రంధ్రమును ఎన్నుకొనిన చాలును. నాలుగు కెమెరాలు నాలుగు గడులుగా తెరపై నిలుచును. పెట్టెతో వచ్చిన మౌసుతో ఒక గడిని రెండుసార్లు నొక్కినచో అది తెర నిండును. ఈ తీగ పది మీటర్లకు మించిన చిత్రము మినుకుమినుకుమనవచ్చును. కావున పెట్టెను టెలివిజను ఉన్న గదిలోనే, దొంగ చేతికి అందని చోట నుంచుట మేలు.

ఈ పద్ధతిలోని గొప్ప గుణము, దీనికి ఇంటర్నెట్టుతో పనిలేకపోవుట. గాలివానకు వీధిలోని ఫైబరు తెగినను, నెల చందా కట్టకున్నను, చిత్రము వచ్చుచునే యుండును. ఇన్వర్టరునకు టెలివిజనును, పెట్టెను, కెమెరాలను కూడ కలిపినచో కరెంటు పోయినప్పుడును కావలి నిలుచును. దొంగలు కోరునది ఆ చీకటినే గదా!

వైఫై కెమెరాలు మాత్రమే యున్నవారి సంగతి వేఱు. వీనిలో కొన్ని ఆర్.టి.ఎస్.పి. అను పద్ధతిలో చిత్రమును ఇంటి రౌటరు ద్వారా నేరుగా ఇయ్యగలవు. ఆండ్రాయిడ్ టెలివిజనులో వి.ఎల్.సి. వంటి యాప్ వేసికొని కెమెరా చిరునామా నిచ్చినచో ఒకటి రెండు క్షణముల యాలస్యముతో చిత్రము కనబడును. బ్యాటరీతో నడచు కెమెరాలలో పెక్కింటికి ఈ సౌకర్యము లేదు. కొనుటకు ముందే యడుగవలెను. ఇంకొక చిక్కు గలదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు కెమెరాకు క్రొత్త చిరునామా నిచ్చినచో టెలివిజను పాత చిరునామానే వెదకుచుండును. ఆ చిరునామా మారకుండ రౌటరులో స్థిరపరచుమని పనివానితో చెప్పవలెను. ఫోనులోని చిత్రమును టెలివిజనుపైకి పంపుట మూడవ మార్గము. ఫోను గలవారు ఊరికి పోయిన నది నిలిచిపోవును.

భద్రమునకు పెట్టినదే యభద్రమునకు కారణము కాగూడదు. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము లక్షలకొలది కెమెరాలను, రికార్డరు పెట్టెలను, రౌటర్లను వశపరచుకొనెను. దాని తంత్రము మిక్కిలి స్వల్పము. కర్మాగారమునుండి వచ్చిన పేరును, పాస్‌వర్డును మార్చని పరికరములను వెదకి, తెలిసిన 60కి పైబడిన జంటలను ఒకదాని తరువాత నొకటి ప్రయోగించుటయే. కావున పాస్‌వర్డును మొదటి దినముననే మార్చి, ఒక కాగితముపై వ్రాసి యింటి దస్తావేజులతో నుంచవలెను. దానిని పనివాని యొద్దనే విడిచిపెట్టుట మనవారిలో నున్న దురలవాటు. దూరముననున్న బిడ్డలకు వేఱు పేరుతో ఖాతా తెరచి, వాకిలి, దొడ్డి మాత్రమే కనబడునట్లు చేయవచ్చును. నట్టింటిలో కెమెరా పెట్టుటకు మేము సుముఖులము కాము. పొరుగువారి స్నానపు దొడ్డివైపు తిరిగిన కెమెరా కయ్యములకు మూలమగును. వసారాలోని తెరను వచ్చిపోవువారందరు చూతురు గనుక, పగటివేళ దానిని మామూలు కార్యక్రమములకే విడిచి, అవసరమైనప్పుడే కెమెరాకు త్రిప్పుకొనుట యుక్తము.

టెలివిజనులో చూచుట వేఱు, చిత్రమును దాచుట వేఱు. సెకనునకు 2 మెగాబిట్ల చొప్పున నడచు కెమెరాకు దినమునకు సుమారు 21 గిగాబైట్లు పట్టును. నాలుగు కెమెరాలకు 1 టెరాబైటు డిస్కు పదునొకండు దినములు వచ్చును. పిమ్మట పాతదానిపై క్రొత్తది వ్రాయబడును. ఊరికి పోయి పదునైదు దినములకు తిరిగివచ్చువారు పెద్ద డిస్కు తీసికొనవలెను.

పనివానికి సొమ్ము చెల్లించుటకు ముందు రెండు పరీక్షలు చేయించుడు. ఇంటర్నెట్టు తీగ నూడదీసినను టెలివిజనులో చిత్రము నిలుచుచున్నదా? ఇంటిలోని పెద్దామె చేతికి రిమోటు నిచ్చినచో, ఎవరి సాయము లేకుండ వాకిటి చిత్రమును తెచ్చుకొని, తిరిగి తన కార్యక్రమమునకు మరలగలుగుచున్నదా? లేనిచో నొక్కవలసిన మీటపై రంగు కాగితపు ముక్క నంటించి మరల చూపించుమనుడు.